పాఠం మానని అయ్యగారు

మా సంఘంలో పసిపిల్లల నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మం అయిందనిపించరు. బిడ్డ పెరగాలి, మంచీ చెడ్డా తెలియాలి, సంఘపెద్దల ముందు కూర్చుని తన నమ్మకమేమిటో తన నోటితో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. ఆ తర్వాత తెల్లబట్టలు కట్టించి, అందరూ చూస్తుండగా నిలువునా నీళ్ళలో ముంచి లేపుతారు. సికింద్రాబాద్‌లో మా గుడి వేదిక ముందు చెక్కలు పరిచి ఉండేవి. వాటిని ఎత్తితే కింద సిమెంటు తొట్టి. ఈస్టరు ముందు రోజు దాన్ని కడిగి నీళ్ళు నింపేవాళ్ళు. నేను చిన్నప్పుడు ఆ అంచున కూర్చుని కాళ్ళాడిస్తుంటే నాన్న అనేవారు, "నీ వంతూ వస్తుందిలే, తొందరేం?" అని.

ముంచే చేతులు నాన్నవే. ఆయన ఆ గుడికి పాస్టరు, ఆ పక్క కాలేజీకి ప్రిన్సిపాలు. రెండు చోట్లా అందరికీ అయ్యగారే. మాది గుంటూరు వైపు. మిషనరీ దొరలు పిలిచి ఉద్యోగమిస్తే నన్నూ అమ్మనూ తీసుకుని ఇక్కడికి వచ్చారు. వచ్చిన రెండో ఏడే అమ్మ విషజ్వరంతో పోయింది. పోయేముందు ఒక్కటే అడిగిందట, "పిల్లను మీ చేతుల్తోనే నీళ్ళలోకి దింపండి," అని. ఆ మాట నాన్న నాతో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఇంకో మాట చెప్పడం చేతకాని మనిషి, అమ్మ గురించి తలుచుకున్నప్పుడల్లా అదే చెప్పేవారు.

దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ వదిలేసిన బంగళా మాది. ఇల్లు పెద్దది, మనుషులం తక్కువ. భోజనాల బల్లకు ఆ కొసన నాన్న, ఈ కొసన నేను. మధ్యలో ఉప్పు డబ్బా కావాలంటే లేచి వెళ్ళాల్సిందే. వంటామె ఒక్కతే ఆ ఇంట్లో గొంతెత్తి మాట్లాడే మనిషి. సాయంత్రం ఆమె వెళ్ళిపోయాక గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. నాన్న పుస్తకం చదువుకునేవారు, నేను ఆయన చదవడం చూస్తూ కూర్చునేదాన్ని. నా వయసు ఆడపిల్లలు ఏం మాట్లాడుకుంటారో నాకు నిజంగా తెలియదు. ఇప్పుడు ముసలిదాన్నయినా ఎవరైనా పలకరిస్తే ముందు విసుక్కుని తర్వాత జవాబు చెబుతాను, అది ఆ ఇంటి అలవాటే.

ఇంటర్‌లో బయాలజీ తీసుకున్నాను. క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా కోసం గోడ పక్కన విడిగా ఒక బెంచీ వేశారు, మహారాణికి వేసినట్టు. మగపిల్లలు నావైపు చూడ్డానికి కూడా భయపడేవాళ్ళు, ప్రిన్సిపాలు కూతుర్ని కదా.

మా బయాలజీ లెక్చరరు ముస్లిం. వరంగల్ వైపు మనిషి, చిలకలగూడలో కాపురం. ఆయన తెలుగు మా ఇంటి తెలుగులా ఉండేది కాదు, మా వంటామె తెలుగులా ఉండేది. షేర్వానీ, ఎర్ర టోపీ లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఎరగరు. ఆయన జీవపరిణామం పాఠం చెప్పే తీరు వేరు. పుస్తకం తెరిచేవారు కాదు. ఒక చెక్కపెట్టె తెరిచేవారు. అందులో పావురం రెక్క ఎముకలు, గబ్బిలం రెక్క ఎముకలు, మేక ముందరి కాలి ఎముకలు ఉండేవి. పాత మేక కాలు విరిగిపోయిందంటే, కొత్తది రాంగోపాల్‌పేట్ మాంసం కొట్టు నుంచి తెచ్చాం. దాన్ని మా ఇంట్లోనే వండుకు తిని, ఎముకలు ఉడకబెట్టి, సున్నం నీళ్ళలో నానబెట్టి నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

వంటామె నవ్వి చచ్చింది. "గివేం సదువులు బిడ్డా, తిన్న బొక్కలు కడిగి దాసుకునుడు? కుక్కకేస్తె పుణ్యమన్న వస్తది," అంది.

ఆ ఎముకల్ని ఆయన బల్ల మీద వరసగా పేర్చి, "మీ చెయ్యి తెచ్చి పక్కన పెట్టున్రి," అనేవారు. భుజం దగ్గర ఒక ఎముక, మోచేతి కింద రెండు, మణికట్టు దగ్గర చిన్నచిన్నవి కొన్ని. ఎగిరేదానికీ, పరిగెత్తేదానికీ, పెన్ను పట్టేదానికీ ఒకటే వరస. ఎందుకయి ఉంటుందో మీరే చెప్పండి అని ఊరుకునేవారు. పాఠం అక్కడ మొదలయ్యేది. మా సీనియర్లు ఈ సంగతంతా కథలు కథలుగా చెప్పేవాళ్ళు. అది రెండో ఏడాది పాఠం, మాకింకా రాలేదు.

ఈలోగా ఊరు ఊరంతా తలకిందులైంది. పోలీసు యాక్షను ముందు రజాకార్ల భయం. పల్లెల్లో మా సంఘస్థులు చాలామంది ఇళ్ళు వదిలి, మూటలు నెత్తిన పెట్టుకుని మా గుడి ఆవరణకు వచ్చి చేరారు. కాలేజీ వరండాల్లో పడుకున్నారు, నాన్న దగ్గరుండి గంజి కాయించారు. సెప్టెంబరులో విమానాల మోత, తలుపులన్నీ మూసుకుని కూర్చోవడం. తర్వాత బొల్లారం రోడ్డు మీద మిలటరీ లారీలు, జనం చప్పట్లు, పూలు. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, తలుపులు తీయనివాళ్ళు తీయలేదు. ఎర్ర టోపీలు ఒక్కసారిగా వీధుల్లోంచి మాయమైపోయాయి.

కాలేజీ తెరిచారు. మా లెక్చరరు రాలేదు. ఆయన అన్న పల్లెలో ఉండేవాడు, అతని జాడ తెలియలేదని ఎవరో అన్నారు. నాన్న సైకిలు మీద చిలకలగూడ వెళ్ళి చూసి వచ్చారు. "ఇంట్లోనే ఉన్నాడు. బయటికి రావడానికి భయపడుతున్నాడు," అన్నారు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

అదే అదనని సంఘపెద్ద, ఆ పెద్దలందరికీ ముఖ్యుడు, మా ఇంటికి వచ్చారు. రైల్వే ఆఫీసులో హెడ్ గుమాస్తా. గుళ్ళో ఆయన గొంతెత్తి పాడితే కిటికీ అద్దాలు అదిరేవి. మంచివాడండీ, అది కూడా చెప్పాలి. అమ్మ పోయినప్పుడు నెల పొడుగునా మాకు రెండు పూటలా క్యారియరు పంపించింది ఆయన భార్యే. నేను టీ తీసుకెళ్ళాను, అక్కడే నిలబడ్డాను. నన్ను పొమ్మనలేదు ఎవరూ.

"అయ్యగారూ, ఆ మాస్టారు ఎలాగూ రావడం లేదు. రాకపోతే రాకపోయాడు. ఆయనతో పాటు ఆ పాఠం కూడా పోనివ్వండి. మనుషుల్ని జంతువులతో కలిపే పాఠం మన కాలేజీలో ఎందుకు? ఇన్నాళ్ళూ దొరలున్నారు, ఏం అనలేకపోయాం. ఇప్పుడు మన ఇష్టం కదా," అన్నారు పెద్ద.

"ఆయన ఉద్యోగం ఆయనదే. వచ్చేదాకా ఆ పాఠం నేను చెబుతాను," అన్నారు నాన్న.

"మీరా?" అన్నారు పెద్ద, కప్పు బల్ల మీద పెట్టేసి. నాన్న మొదట చదివింది జంతుశాస్త్రమే, మద్రాసులో. పాస్టరు చదువు ఆ తర్వాతది. ఆ సంగతి సంఘంలో అందరూ మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను.

మర్నాడు నాన్న మా క్లాసుకు వచ్చారు. అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేశారు. మగపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత పెట్టె తెరిచి ఎముకలు పేర్చారు. తెల్లచొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, తన చెయ్యి మేక కాలి పక్కన పెట్టారు. "ఇక్కడ ఒకటి. ఇక్కడ రెండు," అని తడిమి చూపించారు. ఆ చేత్తోనే కదా ఆయన మనుషుల్ని నీళ్ళలోకి దింపేది.

వెనక బెంచీ కుర్రాడొకడు ధైర్యం చేసి అడిగేశాడు. "సార్, ఆదివారం గుళ్ళో ఒకటి చెప్పి, సోమవారం క్లాసులో ఇంకోటి చెబితే ఎలా?"

"ఆదివారం, ఎవరు చేశారో చెబుతాను. అది నాకు తెలుసు. ఎలా చేశాడో ఆయన నాకు చెప్పలేదు. వెతుక్కోమని ఎముకలు వదిలాడు. సోమవారం వెతుకుతున్నాం," అన్నారు నాన్న. నవ్వలేదు. ఆయనకు చతుర్లు రావు, ఏం చెప్పినా సూటిగానే చెప్పేవారు.

ఆ వారంలోనే సంఘపెద్దలంతా మా వరండాలో చేరారు. పాస్టరే స్వయంగా ఆ పాఠం చెప్పాడంటే ఊళ్ళో ఇంకేం మిగిలింది అని గోల. ఒకాయన, "మీ తాతకు తోక ఉందా అయ్యగారూ?" అని ఎగతాళి కూడా చేశాడు. నేను లోపలి తలుపు దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కుంటున్నాను.

నాన్న గొంతు పెంచలేదు. "మా తాతకు తోక లేదు. చెప్పులు కుట్టేవాడు. మా ఊరి పెద్దవీధిలో ఆయన కాలు పెట్టకూడదు. ఎందుకయ్యా అంటే నీ పుట్టుక వేరు, మా పుట్టుక వేరు అన్నారు. చచ్చేదాకా ఆ మాట విన్నాడు. మీలో చాలామంది తాతలు కూడా విన్నారు. సృష్టిలో ఊపిరి తీసేదంతా ఒక్క కుదురు నుంచి వచ్చిందని చెప్పే పాఠం ఒకటి దొరికితే, దాన్ని నా కాలేజీలోంచి నేనెందుకు తీసేస్తాను? దేవుడు మనిషిని ఎంతసేపట్లో చేశాడో నాకు తెలియదు. తొందరపడలేదని మాత్రం ఈ పాఠం చెబుతోంది. శ్రద్ధగా చేసినవాణ్ణి తక్కువ చేసినట్టా?"

నాకు లోపల ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడు సంఘపెద్ద నెమ్మదిగా అన్నారు. "అయ్యగారూ, మీరు చదువుకున్నవాళ్ళు, మీతో వాదించలేను. ఆ కాలేజీ వరండాల్లో పడుకున్నవాళ్ళను చూడండి. ఇల్లు పోయింది, గొడ్డు పోయింది, కొందరికి మనుషులే పోయారు. దేవుడు ఆరు రోజుల్లో అంతా చేసి ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడు, ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నారు. దాన్నీ లాగేసుకుంటారా?"

ఆ ప్రశ్న నాన్నను ఎంత కోసిందో నాకు తెలుసు, ఎందుకంటే తర్వాత చాలా రోజులు గంజి కాచే చోట ఆయనే స్వయంగా గరిటె పట్టుకుని నిలబడ్డారు. పాఠం మాత్రం ఆపలేదు. పెద్దలు గడువు పెట్టి వెళ్ళారు. ఈస్టరు లోపల ఆ పాఠం తీసేస్తున్నానని గుళ్ళో అందరి ముందూ చెప్పాలి. లేకపోతే వేదికా, ప్రభువు విందులో రొట్టె విరిచే బల్లా, బాప్తిస్మపు తొట్టీ మూడూ వదులుకోవాలి. కాలేజీ కమిటీ వేరు కాబట్టి ప్రిన్సిపాలు పని వాళ్ళ చేతిలో లేదు.

ఆ ఈస్టరుకే నా బాప్తిస్మం అనుకున్నాం. తెల్లగుడ్డ కూడా కొన్నారు నాన్న. కుట్టించి బీరువాలో అమ్మ చీరల పక్కన పెట్టాను.

ఆ క్రిస్మస్ సంగతి చెప్పకూడదనుకుంటాను కానీ నోరు ఊరుకోదు. ఏటా పండగ ముందు సంఘంవాళ్ళు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ తిరుగుతారు. మొదటి ఇల్లు మాదే. పాస్టరుగారి వాకిట్లో పాడాకే మిగతా ఊరు. చీకటి పడుతుండగా దీపాలు పెట్టి, కజ్జికాయలు పెద్ద పళ్ళెంలో సర్ది, కొత్త ఓణీ వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. డోలక్ వినబడింది. సంఘపెద్ద గొంతు వినబడింది. గేటు దాకా వచ్చారు. పాట ఆగలేదు, మనుషులూ ఆగలేదు. అలా పాడుకుంటూనే రోడ్డు మలుపు తిరిగి వెళ్ళిపోయారు. నాన్న లోపల్నుంచి చెప్పులు వేసుకుని హడావిడిగా వచ్చి, నా వెనక నిలబడిపోయారు.

"మర్సిపోయిన్రేమో," అంది ఆ పూట పండగ పనికని ఆగిన వంటామె, మర్చిపోలేదని తనకూ తెలుసు.

ఆ కజ్జికాయలు నేనూ ఆయనా వారం రోజులు తిన్నాం. మళ్ళీ నా జన్మలో కజ్జికాయలు చేయలేదు.

జనవరిలో లెక్చరరు తిరిగి వచ్చారు. నాన్నే చిలకలగూడ వెళ్ళి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చారు. తెల్లబట్టల పాస్టరు తొక్కుతుంటే వెనక షేర్వానీ మనిషి, స్టేషను దగ్గర జనం నిలబడి చూశారట. టోపీ లేదు. ఆయనది బట్టతల అని అప్పుడే మాకు తెలిసింది. ఒక్కడు కూడా నవ్వలేదు క్లాసులో. ఆయన మా ఇంటికి వచ్చి నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ప్రిన్సిపాల్ సాబ్, నా వల్ల మీకెందుకింత పరేషాన్? ఆ పాఠం ఇడిసిపెట్టున్రి. నేను సుత వరంగల్ పోతా," అన్నారు.

"నీ వల్ల కాదయ్యా, ఎముకల వల్ల. నువ్వు పోతే అవి పోతాయా? కూర్చో," అన్నారు నాన్న. మా పొడుగు బల్ల మధ్యలో మొదటిసారి ఒక మనిషి కూర్చుని టీ తాగాడు.

ఈస్టరు దగ్గరపడింది. బాప్తిస్మానికి ముందు సంఘపెద్దలు పిలిచి సాక్ష్యం అడుగుతారని చెప్పాను కదా. నన్నూ పిలిచారు. గుడి వెనక గదిలో బల్లకు అటు వాళ్ళంతా, ఇటు ముక్కాలిపీట మీద నేను. మామూలుగా పాస్టరు కూడా కూర్చుంటారు. ఆ రోజు నాన్నను బయట వరండాలో కూర్చోమన్నారు. కిటికీలోంచి ఆయన భుజం కనిపిస్తోంది.

నా నమ్మకమేమిటో చెప్పాను. తడబడలేదు. అమ్మ పోయిన తర్వాత ఎవరితో మాట్లాడుకుంటూ పెరిగానో చెప్పాను. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అంతా అయిపోయిందనుకుంటుండగా సంఘపెద్ద ముందుకు వంగి, ఎంతో మెత్తగా అడిగారు.

"అమ్మాయ్, ఇంకొక్క మాట. మీ నాన్నగారు క్లాసులో చెప్పిన ఆ పాఠం అబద్ధమేనని అనమ్మా. అంతే. ఇంట్లో బిడ్డను విశ్వాసంలోనే పెంచాడు, క్లాసులో చెప్పింది జీతం కోసం చెప్పాడు అని నేను సంఘాన్ని ఒప్పిస్తాను. ఆయన వేదిక ఆయనకుంటుంది. ఆదివారం ఆయన చేతుల మీదుగానే నీకు బాప్తిస్మం. మీ అమ్మ కోరిక నాకు తెలియదా?"

ఆ మాట కపటంతో అనలేదాయన. నిజంగానే మమ్మల్ని ఒడ్డున పడేద్దామని చూశాడు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. అమ్మను తీసుకొచ్చి ఆ బల్ల మీద పెట్టాడు. ఒక్క మాట. బీరువాలో తెల్లబట్టలు, తొట్టి నిండా నీళ్ళు, నాన్న చేతులు, అన్నీ ఆ మాటకు అవతల ఉన్నాయి.

"నోరు విప్పి నిజం చెప్పమనే కదండీ ఈ పీట మీద కూర్చోబెట్టారు? అబద్ధంతో మొదలుపెట్టమంటారా? నాన్న జీతం కోసం చెప్పలేదు. ఆ పాఠంలో అబద్ధం లేదు," అన్నాను. కిటికీలో భుజం కదల్లేదు.

ఇంటికి నడిచి వస్తూ నాన్న మెచ్చుకుంటారని ఎదురుచూశాను, దాచడమెందుకు. బంగళా మెట్ల మీద కూలబడి, చేతుల్లో మొహం పెట్టుకుని అన్నారు, "అనేసి ఉండాల్సింది తల్లీ."

నాకు మతిపోయింది. "ఏంటి నాన్నగారూ? మీరు అననిది నన్ను అనమంటారా?"

"నేను ప్రిన్సిపాలుని. నా క్లాసులో పిల్లలకు జవాబుదారీని. నువ్వు వట్టి కూతురివి. నీ మాటను పట్టుకునేవాళ్ళు ఎవరు? ఒక్క మాట అనేస్తే నిన్ను నీళ్ళలోకి దింపేవాణ్ణి," అన్నారు. ఏడ్చారు. అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి.

"అయితే మన పెరట్లో నీళ్ళ హౌజు లేదా? అందులో ముంచండి. ఇప్పుడే. ఎవడు కాదంటాడో చూస్తాను," అని అరిచాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "సంఘం చూడని బాప్తిస్మం బాప్తిస్మం కాదమ్మా. దొంగచాటుగా ఎలా ఇస్తాను? సాక్షులుండాలి."

చూశారా మహానుభావుణ్ణి? తనను గెంటేస్తున్న సంఘం రూలు తనే కాపలా కాస్తున్నాడు! ఆ పూట నేను అన్నం తినలేదు, ఆయనా తినలేదు. ఉప్పు డబ్బా మధ్యలో అలాగే ఉంది.

ఈస్టరు ఆదివారం బొల్లారం నుంచి వేరే పాస్టరు వచ్చారు. ఆయన చేతుల మీదుగా నాకు బాప్తిస్మం ఇప్పిస్తామని సంఘపెద్ద కబురు చేశారు. అక్కర్లేదన్నాను. నాన్నా నేనూ ఆఖరి బెంచీలో కూర్చున్నాం. నాతోటి వాళ్ళు ఒక్కొక్కళ్ళే మెట్లు దిగి, మునిగి, ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే సంఘమంతా పాడింది. నాన్న కూడా పాడారు. ఆయన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కరు మునిగినప్పుడల్లా తెలియకుండానే కొంచెం కిందికి వంచి పైకి లేపారు. నేను ఆ చెయ్యి వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ బెంచీ మాదే. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం వరసలన్నీ తిరిగి మా ముందు బెంచీ దాకా వచ్చి, అక్కణ్నుంచి వెనక్కి పోయేది. నాకు బాప్తిస్మం లేదు కాబట్టి ఆ రొట్టె లేదు, ఆయనకు బల్ల లేదు. ఒక్క ఆదివారం కూడా మానలేదాయన. మానేద్దామని నేను ఎన్నిసార్లు పోట్లాడానో. "ఇల్లు ఇదే కదా, ఎక్కడికి పోతాం?" అనేవారు. మా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఆడపిల్లలు నాతో నవ్వబోయి తల్లులు చూస్తున్నారని ఆగిపోయేవాళ్ళు. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడం అనుకునేదాన్ని అప్పటిదాకా. నిండు గుళ్ళో కూర్చున్నాక అది కాదని తెలిసింది నాకు.

ఆయన రిటైరయ్యాక బంగళా ఖాళీ చేసి చిలకలగూడలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నేను ఆడపిల్లల బడిలో బయాలజీ చెప్పాను, అవే ఎముకలతో. సంఘపెద్ద పోయారు. సమాధి దగ్గర నాన్న అందరికంటే వెనక నిలబడి, అందరూ వెళ్ళాక ఒక పిడికెడు మట్టి వేసి వచ్చారు. కొత్త పెద్దలు కబురు చేశారు, పాతవి మరిచిపోదాం, ఆ పాఠం విషయంలో పొరపాటు పడ్డానని ఒక్క మాటంటే చాలని. "పాఠం ఇంకా అదే కదమ్మా," అన్నారు నాన్న నాతో. వాళ్ళకు ఏం జవాబు పంపలేదు.

చివర్లో పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది, మాట మాత్రం ఉంది. స్నానం నేనే చేయించేదాన్ని. బాత్రూములో బండ మీద పీట వేసి కూర్చోబెట్టి, గోడకు ఆనించి, చెంబుతో నీళ్ళు పోసేదాన్ని. ప్రతి శుక్రవారం మా లెక్చరరు వచ్చేవారు, మసీదు నుంచి నేరుగా. ఆయనా ముసలివాడయ్యాడు. ముందు గదిలో కూర్చుని, లోపలున్న నాన్నతో గోడ ఇవతల్నుంచే కబుర్లు చెప్పేవాడు.

అలాంటి ఒక శుక్రవారం. నాన్న చేతికి సబ్బు రుద్దుతున్నాను. కండ అంతా కరిగిపోయింది. భుజం దగ్గర ఒకటి, మోచేతి కింద రెండు, కళ్ళు మూసుకున్నా లెక్కపెట్టొచ్చు.

"చెంబు ఇటివ్వు," అన్నారు.

"మీరు పోసుకోలేరు నాన్నగారూ, ఉండండి."

"నాక్కాదు. కూర్చో కింద."

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన మొహం చూశాక అర్థమైంది. తడినేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. జుట్టు నెరిసిన దాన్ని, చీర కుచ్చిళ్ళు సబ్బునీళ్ళలో నానుతున్నాయి.

"సాక్ష్యం చెప్పు."

"అప్పుడు చెప్పాను కదా."

"నేను బయట ఉన్నాను. నాకు చెప్పు."

చెప్పాను. ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పిందే మళ్ళీ చెప్పాను, అమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి. ఆఖరి మాట కూడా చెప్పాను, ఆ పాఠంలో అబద్ధం లేదని. ఆయన తల ఊపారు. నీళ్ళతో నిండిన చెంబు బరువు ఆ ఒక్క చెయ్యికి ఆగకపోతే, కింద నేను చెయ్యి పట్టాను. ఏళ్ళ తరబడి అననివ్వని మాటలు, తండ్రి పేరట, కుమారుని పేరట అని, ఒక్కటి కూడా మరిచిపోకుండా అన్నారు. చెంబెడు నీళ్ళు నా నెత్తిన పోశారు. మా సంఘం లెక్కలో అది బాప్తిస్మం కాదు. మునగాలి, సంఘం చూడాలి.

"మరి సాక్షులో నాన్నగారూ? రూలు తప్పారుగా," అన్నాను, నవ్వో ఏడుపో నాకే తెలియకుండా.

"బయట వాడున్నాడుగా. సరిపోతాడు," అన్నారు. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, "చలేస్తోంది, తువ్వాలు తే," అన్నారు.

ఆయన్ను తుడిచి, బట్టలు మార్చి, మంచం మీద పడుకోబెట్టి ముందు గదిలోకి వచ్చాను. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మా లెక్చరరు కళ్ళజోడు సవరించుకుని నన్ను కిందికీ పైకీ చూశారు.

"ఏందమ్మా, అయ్యగారికి తానం పోస్తనని పోయి నువ్వు సుత పోసుకున్నవా ఏంది?"

"నేను పోసుకోలేదు సార్. నాన్న పోశారు," అన్నాను.